ఒక కంపెనీ మూగబోతే పక్క కంపెనీ పలకకూడదా? టెలికం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన టెలికం శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఒక టెలికం కంపెనీ లైను పడిపోయినప్పుడు మరో కంపెనీ లైను ఆదుకోకపోవడంపై మీ కార్యాలయానికి ఇంతకు ముందు మూడు వినతిపత్రాలు పంపాను. మొదటి రెండింటికి జవాబు రాలేదు. మూడోదానికి మాత్రం, సర్వీసు తిరిగి వచ్చినందున ఫిర్యాదును పరిష్కరించినట్టు నమోదు చేశామని సందేశం వచ్చింది. సర్వీసు తిరిగి రాలేదని నేనెప్పుడూ రాయలేదు. అది పోయిన ఏడు గంటలూ, మేము విడిగా తీసుకున్న రెండో కంపెనీ లైను కూడా ఎందుకు పలకలేదని అడిగాను.

ఒక కంపెనీ నెట్‌వర్క్ పడిపోతే మిగతావి దాని ఖాతాదారులను ఆదుకోవాలనే పరస్పర సహాయ ఒప్పందం ముసాయిదా మీ బల్ల మీదే ఉంది కనుక దాన్ని ఇంకా వివరించి మీ కాలం వృథా చేయను. నేను రాత్రింబవళ్లు నడిచే ఒక సహాయ కేంద్రంలో ఫోన్ల బాధ్యత చూస్తాను. దూరప్రాంతాల నుంచి వచ్చే కాల్స్ ఏ పరిస్థితిలోనూ ఆగకూడదని రెండు వేర్వేరు కంపెనీల నుంచి లైన్లు తీసుకుని, ఇద్దరికీ నెలనెలా బిల్లు కడుతున్నాం. ఎక్కడో తవ్వకంలో ఒక కేబుల్ తెగింది. రెండు లైన్లూ ఒకే నిమిషంలో పోయాయి. తీరా ఆరా తీస్తే, రెండో కంపెనీకి ఆ దారిలో సొంత ఫైబరే లేదనీ, మొదటి కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్నదానినే మాకు ‘ప్రత్యామ్నాయ మార్గం’ పేరుతో అమ్మిందనీ తెలిసింది. అద్దెకు తీసుకోవడాన్ని నేను తప్పుపట్టడం లేదు, సుదూర లైన్లలో అది మామూలే. ఆ ముక్క కొనేవాడికి చెప్పకపోవడమే తప్పు. లైన్లు ఏ దారిన వెళ్తున్నాయో చూపమంటే అది వాణిజ్య రహస్యమన్నారు. అద్దె పుచ్చుకునేటప్పుడు చుట్టాలైన కంపెనీలు కేబుల్ తెగగానే దాయాదులైపోయాయి.

మొబైళ్ల సంగతి ఇంకా దారుణం. 2022 జూలై 8న కెనడాలో రోజర్స్ అనే టెలికం కంపెనీ నెట్‌వర్క్ పడిపోయి కోటీ ఇరవై లక్షల మందికి పైగా వినియోగదారులు ఇబ్బంది పడినప్పుడు, వెనక ఉండి కాల్స్‌ను కలిపే కోర్ నెట్‌వర్క్ చచ్చిపోయినా టవర్ల సిగ్నల్ మాత్రం వస్తూనే ఉంది. దాంతో ఫోన్లు తమ కంపెనీ బతికే ఉందనుకుని పక్క కంపెనీ టవర్‌ను వెతుక్కోలేదు, అత్యవసర నంబరు 911కు చేసిన కాల్స్ సైతం చాలామందికి కలవలేదు. సిమ్ తీసేసి ప్రయత్నించమని సలహా ఇచ్చారు. ఇంట్లో మనిషి కుప్పకూలి ఉంటే మనం సిమ్ పిన్ను కోసం సొరుగులు వెతకాలన్నమాట! పోటీ కంపెనీలు సాయం చేస్తామని ముందుకొచ్చాయి కానీ, ఆ సాయం ఖాతాదారులకు అక్కరకు రాలేదు. విచిత్రమేమిటంటే, అక్కడి మూడు పెద్ద కంపెనీలు తమ ముఖ్య సిబ్బంది కోసం ఒకరి సిమ్ కార్డులు మరొకరు పుచ్చుకునే ఏర్పాటును 2015లోనే చేసుకున్నాయి. తమ నెట్‌వర్క్ ఎప్పుడైనా పడిపోవచ్చని వారికి ముందే తెలుసు. బిల్లు కట్టేవాళ్లకే తెలియదు.

రోజర్స్ పడిపోయాక, ఒకరినొకరు ఆదుకునే ఒప్పందం చేసుకోవాలని అక్కడి మంత్రి కంపెనీలకు 60 రోజుల గడువు పెట్టారు. అత్యవసర రోమింగ్ (అంటే ఆపదలో పక్క కంపెనీ టవర్ వాడుకోవడం), పరస్పర సహాయాలపై 2022 సెప్టెంబరులోనే ఒప్పందం కుదిరింది. మీ ముసాయిదా వయసెంతో నేను గుర్తు చేయడం మర్యాద కాదు.

సొంత నెట్‌వర్క్‌లోనే కావలసినన్ని ప్రత్యామ్నాయాలు ఉన్నాయని కంపెనీలు మీకు చెబుతూ ఉండవచ్చు. 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీలో దూరప్రాంత కాల్స్‌ను దారి మళ్లించే స్విచ్‌లు 114 ఒకదాన్ని చూసి ఒకటి పడిపోయి, సుమారు 9 గంటలు కుదుటపడలేదు. అన్నిటిలోనూ నడుస్తున్నది ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే లోపం. అలాంటప్పుడు సొంత స్విచ్ మరొకటి ఉండి ఏం లాభం? ఆ రోజుల్లో నంబరుకు ముందు పోటీ కంపెనీ కోడ్ నొక్కి, ఆ కంపెనీ మీదుగా దూరప్రాంతానికి కాల్ చేసే దారి అక్కడివారికి ఉండేది. ఇన్నేళ్ల తర్వాత మాకు ఆ పాటి దారీ లేదు.

అయ్యా, ఒప్పందం మీద సంతకాలు పెట్టించండి. రెండో లైను అమ్మేవాడు అది ఏ ఫైబర్ మీద నడుస్తుందో రాతపూర్వకంగా చెప్పేలా చేయండి. కోర్ పడిపోయినప్పుడు టవర్లు మమ్మల్ని పట్టి ఉంచకుండా వదిలేసేలా చూడండి. ఇవేవీ ఇప్పట్లో కుదరవంటే, ఆ మాటైనా సూటిగా రాయండి.

‘పరిష్కరించబడింది’ అన్న సందేశమే మళ్లీ పంపదలిస్తే మాత్రం, దయచేసి రెండు కంపెనీల మీదుగా పంపించండి. రెండూ ఒకే కేబుల్‌లో వస్తాయేమో చూసుకుంటాను.

ఇట్లు,
రెండు బిల్లులు కడుతున్న ఒక వినియోగదారుడు