రాజీనామా సంగతి అడగను గానీ

అమ్మలూ,

ఫోను ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. పని ఎక్కువై ఉంటుంది. నువ్వు రాజీనామా రాసి పెట్టుకున్నావని పిన్ని ఎక్కడో విని వచ్చింది. నేను ఆ సంగతి అడగడం లేదు. కళ్లద్దాల పవర్ మళ్లీ చూపించుకున్నావా? ఆ మెడనొప్పి దానివల్లే కావచ్చు.

చిన్నా సెలవు పెట్టి బాబును చూసుకుంటున్నాడు, తోటివాళ్లు నవ్వుతున్నారట. కూతుర్ని కొడుకులా పెంచామని గొప్పగా చెప్పుకునేవాళ్లే, కొడుకు పసివాణ్ణి ఎత్తుకు తిరిగితే మొహం చిట్లిస్తారు.

నీ అప్రైజల్‌లో ‘దురుసు’ అని రాశారట కదా. ఆన్ హాప్కిన్స్ అనే ఆవిడ సంగతి విను. 1982లో అమెరికాలో ప్రైస్ వాటర్‌హౌస్ అనే అకౌంటింగ్ సంస్థలో భాగస్వామ్యానికి 88 మంది పేర్లు వెళ్లాయి. అందులో ఆడమనిషి ఈవిడొక్కతే. విదేశాంగ శాఖ నుంచి పెద్ద కాంట్రాక్టు సాధించడంలో ముందున్నదీ ఈవిడే. అయినా ఆపారు. ఒక భాగస్వామి మర్యాదలు నేర్పే బడికి పంపమని రాశాడు. మేలు కోరేవాడేమో ఇంకాస్త ఆడతనంగా నడవమని, మాట్లాడమని, మేకప్ వేసుకుని నగలు పెట్టుకోమని సలహా ఇచ్చాడు. ఆవిడ కోర్టుకెక్కింది. కింది ఉద్యోగులతో కటువుగా ఉంటుందన్న ఫిర్యాదు ఉత్తిది కాదని కోర్టులూ ఒప్పుకున్నాయి, అది దాచను. కానీ దూకుడుగా ఉంటే ఉద్యోగం పోయి, లేకపోయినా పోయే ఇరకాటంలో ఆడవాళ్లను పెట్టడం చెల్లదని 1989లో సుప్రీంకోర్టు తీర్పులో రాశారు. చివరికి భాగస్వామిగా తిరిగి వెళ్లింది. మధ్యలో 1984లో రాజీనామా చేసిందనుకో, అది వేరే సంగతి. ఆవిడను గెలిపించినవాటిలో వాళ్లు కాగితం మీద పెట్టిన ఆ వ్యాఖ్యలు ముఖ్యం.

అందుకే, గుణం గురించి వాదనకు దిగకు. గొంతు పెరిగిందా, వాళ్లన్నదే నిజమైపోతుంది. ఏ మీటింగులో, ఏ తేదీన, నేనేమన్నాను, బదులుగా ఏమనాల్సింది అని మెయిల్లో అడుగు. జవాబు రాకపోతే ఆ మాట తీసేయమని అడిగే దారి దొరుకుతుంది. ఆ వాక్యంలో నీ పేరు బదులు మగ సహోద్యోగి పేరు పెట్టి చదువు. ‘పట్టుదల గలవాడు’ అనేవాళ్లా? అదే ప్రశ్న వాళ్లనూ అడుగు, నెమ్మదిగా.

మెత్తని పనులకు ఇంకో చిక్కు. కొత్తవాళ్లకు నేర్పడం, అలిగిన క్లయింట్‌ను దారికి తేవడం నీలో స్వభావమంటారు, మగాడిలో నాయకత్వమంటారు. స్వభావానికి మార్కులు వేయరు. కాబట్టి ‘అందరికీ సాయపడ్డాను’ అని రాయకు. ఎవరికి ఏం నేర్పావో, ఎన్ని వారాలకు సొంతంగా పని అందుకున్నారో, ఏ క్లయింట్ వెళ్లిపోకుండా నిలిచాడో రాయి. ప్రతి శుక్రవారం పది నిమిషాలు చాలు. ఏడాది చివర్లో కూర్చుంటే సగం గుర్తుండదు. మీటింగ్ నోట్సు ఎప్పుడూ నీ మీదే పడుతుంటే నేరుగా కాదనకు, సహకరించదంటారు. ‘ఈసారి నేను రాస్తాను, తర్వాత ఈ వరుసలో’ అని పేర్లతో జాబితా పంపు.

ఉపన్యాసమైపోయింది. వెళ్లాలనుకుంటే వెళ్లు. కానీ వెళ్లినరోజే మెయిల్ మూసేస్తారు, అప్రైజల్ కాపీ ముందే అడిగి తీసుకో. ఆఫీసు ఫైళ్లు మాత్రం ముట్టుకోకు. రాత్రిళ్లు పన్నెండు దాకా మేలుకోకు.

చిన్నాకు కూడా సెలవు పెట్టాక రేటింగ్ తగ్గించారట. వాడికీ ఇదే రాసి పంపాను. నాతో కాకపోయినా వాడితో మాట్లాడు.

నాన్న