తీసుకుంటారా, వదిలేస్తారా? రెవెన్యూ మంత్రి గారికి ఒక బత్తాయి రైతు లేఖ

గౌరవనీయులైన రెవెన్యూ మంత్రి గారికి,

నమస్కారాలు. ప్రజావాణిలో ఐదు అర్జీలు ఇచ్చాను. ఐదు రసీదులున్నాయి, జవాబు ఒక్కటీ లేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

కాలువ కోసం మా మూడెకరాల పది గుంటలకు 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ కింద తొలి నోటిఫికేషన్ ఇచ్చి మూడేండ్లు దాటింది. సర్వే చేశారు, రాళ్లు పాతి ఎర్ర రంగు పూశారు, పోయారు. భూమి తీసుకుంటున్నామని ఖాయం చేసే డిక్లరేషన్ లేదు, పరిహారం తేల్చే అవార్డు లేదు. భూమి మాత్రం రిజిస్ట్రేషన్లు చేయని నిషేధిత జాబితాలో పడి ఉంది.

బిడ్డ పెళ్లికి ఎకరం పసుపు కుంకుమ కింద రాసిస్తానని వియ్యంకుడికి మాటిచ్చాను. రిజిస్ట్రేషన్‌కు పోతే స్లాటే దొరకదు. అల్లుడు ఏమీ అనడు. బిడ్డే పండగలకు రావడం తగ్గించింది.

తోట సంగతి చెబితే నా గోస మీకు అర్థమవుతుంది. చెట్లు ముసలివయ్యాయి, తీసేసి కొత్త మొక్కలు పెట్టాలి. అవి కాపుకు రావాలంటే నాలుగైదేండ్లు. పెట్టిన మర్నాడే పొక్లెయిన్ వస్తే? పెట్టకుంటే ఏం తినాలి? బోరు ఎండిపోయింది. కొత్త బోరుకు అప్పు అడిగితే, భూసేకరణలో ఉన్న సర్వే నంబరు మీద ఇవ్వలేమని బ్యాంకు వాళ్లు వెనక్కి పంపారు. అదే చట్టం 26వ సెక్షన్ ప్రకారం ధర కూడా నోటిఫికేషన్ నాటిదే కడతారు. ఆలస్యం మీది, నష్టం మాది. ఇదేం న్యాయం సార్?

ఆ 2013 చట్టం మీకు తెలియనిది కాదు. పన్నెండు నెలల్లో డిక్లరేషన్ రాకపోతే నోటిఫికేషన్ రద్దయినట్టేనని 19వ సెక్షన్‌లో ఉంది. గడువు పొడిగించే అధికారం ప్రభుత్వానికి ఉంది, కాదనను. కానీ కారణం రాసి, నోటిఫై చేసి, వెబ్‌సైట్‌లో పెట్టాలని కూడా అక్కడే ఉంది. ఆ కాగితం చూపించమని మూడు అర్జీల్లో అడిగాను. ఆస్తి హక్కును కాపాడే రాజ్యాంగం 300ఎ అధికరణ కింద, భూసేకరణ ప్రక్రియను గడువులోగా ముగించడం కూడా ప్రభుత్వ బాధ్యతేనని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టుకు పోయే స్తోమత నాకు లేదు, మీకే మొర పెట్టుకుంటున్నాను.

కాలువ వద్దనడం లేదు. నీళ్ల విలువ నాకంటే ఎవరికి తెలుసు? కావాలంటే డబ్బు కట్టి తీసుకోండి. అక్కర్లేకపోతే నిషేధిత జాబితా నుంచి నా సర్వే నంబరు తీసేయండి. వానలు పడేలోపు మొక్కలు తెచ్చుకోవాలి. దయచేసి జూన్‌లోపు ఏదో ఒకటి తేల్చండి.

ఇట్లు,
ఒక బత్తాయి రైతు