షిన్చూ నీళ్లు

చి. స్వాతికి నాన్న ఆశీస్సులు.

కంపెనీవాళ్లు నిన్ను తైవాన్‌లోని షిన్చూకి పంపిస్తున్నారని తెలిసినప్పటి నుంచి ఇంటికొచ్చిన ప్రతివారూ "అక్కడ యుద్ధం వస్తుందటగా" అంటున్నారు. ఆ భయం ఉత్తదేమీ కాదు. 2019 లెక్కల ప్రకారం 10 నానోమీటర్ల లోపు, అంటే అత్యాధునిక కంప్యూటర్ చిప్‌ల తయారీ సామర్థ్యంలో 92 శాతం ఆ ఒక్క ద్వీపంలోనే ఉంది. ఆ ద్వీపం తనదేనని చైనా పట్టుబడుతోంది. అలాంటి చిప్‌లు, వాటిని చేసే యంత్రాలు చైనా చేతికి చిక్కకుండా అమెరికా 2022 అక్టోబరులో ఆంక్షలు బిగించింది. మరుసటి ఏడాది చైనా చిప్‌ల తయారీలో వాడే గాలియం, జెర్మేనియం లోహాల ఎగుమతులకు అనుమతులు తప్పనిసరి చేసి బదులు తీర్చుకుంది.

అయితే ఫ్యాక్టరీని పట్టుకున్నంత మాత్రాన చిప్ ఊడిపడదు. తగరం బొట్లను సెకనుకు 50,000 చొప్పున లేజరుతో పేల్చి, ఆ వెలుగుతో సిలికాన్ మీద గీతలు దించే యంత్రాన్ని నెదర్లాండ్స్‌లోని ఏఎస్‌ఎంఎల్ కంపెనీ తప్ప ఎవరూ చేయలేరు. దాని అద్దాలు జర్మనీ జైస్ కంపెనీవి. మీరు హైదరాబాదులో గీసే చిప్ డిజైన్లూ ఆ గొలుసులోవే. ఇదంతా నాకంటే నీకే బాగా తెలుసు.

ఇరిగేషన్‌లో పనిచేసినవాణ్ణి కనుక నా చూపు నీళ్ల మీదికి పోతుంది. 2020లో తైవాన్‌ను ఒక్క తుపానూ తాకలేదు. తుపాను రాకపోతే ఏడ్చే దేశం కూడా ఉందన్నమాట! మరుసటి ఏడాదికి జలాశయాలు అడుగంటాయి. చిప్‌లు చేసే సిలికాన్ పలకను ఒక్కో దశ తర్వాత అతి శుద్ధమైన నీటితో కడగాలి. అక్కడి పెద్ద చిప్‌ల కంపెనీ టీఎస్‌ఎంసీ ఒక్కదానికే రోజుకు లక్షన్నర టన్నుల నీళ్లు పట్టేవి. ప్రభుత్వం ఏం చేసిందంటే, లక్ష ఎకరాలకు పైగా వరికి నీళ్లు ఆపేసి, రైతులకు పరిహారం ఇచ్చింది. ఫ్యాక్టరీలకు కోత పెట్టినా, వాటికి నీళ్లు మోస్తూ ట్యాంకర్లు తిరిగాయి.

దాళ్వాలో నీళ్లు చాలక వంతులు పెడితే మన శివారు రైతులు లాకుల దగ్గరికి కర్రలతో వచ్చేవారు. అక్కడ నోటీసు చాలింది. పరిహారం సకాలంలో అందితే సగం గొడవ ఉండదన్న మాట నిజమే. కానీ కౌలుకు చేసుకునేవాడికి, కూలికి, మిల్లువాడికి ఎవరిచ్చారు? వీలైతే అక్కడి పొలంగట్ల మీద ఒకసారి నడిచి కనుక్కో.

గుజరాత్‌లోని ధోలేరాలో టాటాలు కడుతున్న చిప్‌ల ఫ్యాక్టరీకి భాగస్వామి పీఎస్‌ఎంసీ కూడా షిన్చూ కంపెనీయే. దానికి రోజుకు ఎన్ని నీళ్లు కావాలో, ఏ కాలువ నుంచి తెస్తారో ఎవరినైనా అడిగి రాయి.

మీ నాన్న