చిన్నీ, నీ కథ చదివాను

చిన్నీ,

నిన్న రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన కథ చదివాను. ఫోన్లో అక్షరాలు నాకు ఆనవని తెలుసుగా, పొద్దున్నే నాన్న జిరాక్స్ షాపుకి వెళ్ళి ప్రింటు తీయించుకొచ్చారు, పద్నాలుగు పేజీలు, దారిలో స్కూటరు ఆపి ఆయన కూడా సగం చదివేసినట్టున్నారు, ఇంటికొచ్చాక నా మొహంలోకి చూడకుండా కాగితాలు బల్ల మీద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయారు. "ఇది నీ గురించేనమ్మా, పత్రికకి పంపనా వద్దా నువ్వే చెప్పు" అని అడిగావు. ఫోన్లో ఒక్క మాటలో చెప్పేసేది కాదు కాబట్టి ఇలా కూర్చుని రాస్తున్నాను.

ముందు పెద్దత్తయ్య సంగతి చెప్పాలి. నీ చిన్నప్పుడు ఆవిడ నాలుగేళ్ళు మనింట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు, నీకు లీలగా గుర్తుండే ఉంటుంది, ఎందుకో మాత్రం ఎవరం చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో వదిన ఒకసారి ఇల్లు వదిలి వెళ్ళిపోదామని, పాల డబ్బుల్లోంచి మిగిల్చి డాల్డా డబ్బాలో దాచుకున్న చిల్లర కొంగున కట్టుకుని తెనాలి స్టేషన్ దాకా వెళ్ళి, టికెట్టు కూడా కొనుక్కుని, రైలు వచ్చి ఆగి మళ్ళీ కదిలి వెళ్ళేదాకా అలా బెంచీ మీదే కూర్చుని, తిరిగి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది. ఒక మధ్యాహ్నం వడియాలు పెడుతూ నాకొక్కదానికే చెప్పింది. 1999లో నేను దాన్ని కథ చేశాను. పేరు మార్చాను, ఊరు మార్చాను, డాల్డా డబ్బాని మాత్రం మార్చలేకపోయాను, కథ ప్రాణమంతా ఆ డబ్బాలోనే ఉంది మరి. అచ్చయిన వారం వాళ్ళ పక్కింటావిడ ఆ కథ పైకి చదువుతుంటే వదిన విన్నదట. సాయంత్రం వచ్చి గుమ్మంలోనే నిలబడి, "నా డబ్బాని కూడా వదల్లేదా అమ్మాయ్" అంది. అంతే, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

అదే కథకి, పది రోజుల్లో, హిందూపురం నుంచి ఒక ఇన్లాండు లెటరు వచ్చింది. పేరు లేదు, అడ్రసు లేదు, ఊరు కూడా పోస్టాఫీసు ముద్ర చూసి తెలుసుకున్నదే. "నేనూ స్టేషన్ దాకా వెళ్ళి వచ్చాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీకెలా తెలిసింది?" అని మూడే ముక్కలు. ఆ చివరి ప్రశ్న చదివినప్పుడు నాకు కలిగినది ఏమని చెప్పను చిన్నీ, వంటింట్లో గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాను, పాలు పొంగిపోతున్నా లేవలేదు. నాకు వచ్చిన షీల్డులు ఎక్కడున్నాయో వెతకాలి గానీ ఆ నీలం కాగితం మాత్రం ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద ఉంది. రాయడంలో నాకు తెలిసిన పెద్ద సంతోషం, పెద్ద బాధ, రెండూ ఆ ఒక్క కథలోంచే వచ్చాయి.

మిగతా కష్టాలు వీటి ముందు చిన్నవే, అయినా నీకు తెలియాలి. అప్పట్లో కథతో పాటు మన అడ్రసు మనమే రాసి స్టాంపులు అంటించిన కవరు ఒకటి పెట్టి పంపేవాళ్ళం, పోస్ట్‌మాన్ చేతిలో నా దస్తూరీ కనపడితే విప్పకుండానే తెలిసిపోయేది, కథ తిరిగొచ్చిందని. ఒక కథ అలా ఐదుసార్లు వచ్చింది. నీకిప్పుడు ఆ కవరూ రాదు, మెయిల్‌కి అసలు జవాబే రాకపోవచ్చు, అది ఇంకా కష్టమనుకుంటాను. మూడు నెలలు చూసి, వాళ్ళకి ఒక మాట చెప్పి ఇంకోచోటికి పంపుకో.

డబ్బు సంగతికొస్తే, నా మొదటి కథకి 1994లో నూట యాభై రూపాయలు మనియార్డరు వచ్చింది, నాన్న ఆ రోజు మిఠాయి తెచ్చారు. ఉద్యోగం మానేసి రాసుకుంటే ఎలా ఉంటుందని అడిగావు చూడు, వద్దనే చెప్తాను. రావిశాస్త్రి గారు విశాఖపట్నంలో వకీలుగా పనిచేస్తూనే రాశారు, సారా కేసుల్లో కోర్టుకొచ్చిన మనుషులే ఆయన కథల్లోకీ వచ్చారు. కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, బళ్ళో పాఠాలు చెప్పుకుంటూనే రాశారు. అద్దె గురించి టెన్షన్ పడుతూ కూర్చుంటే కథ రాదు తల్లీ, నా అనుభవంతో చెప్తున్నా. పొద్దున ఐదింటికి లేచి ఒక గంట రాసుకో, చాలు.

వదిన నాలుగేళ్ళ తర్వాత మీ తాతయ్య సంవత్సరీకాలకి వచ్చినప్పుడు ఆ ఇన్లాండు లెటరు తన చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివి, జాగ్రత్తగా మడిచి, "పాపం, ఈవిడది ఏ స్టేషనో" అంది. ఆ పూట భోజనం చేసింది.

2015లో శ్రీకాకుళం పెళ్ళికి వెళ్ళినప్పుడు ఇద్దరం కథానిలయానికి వెళ్ళాం. తెలుగు కథలన్నీ ఒకచోట దొరకాలని కారా మాస్టారు 1997లో మొదలుపెట్టిన గ్రంథాలయం అది, ఎప్పటెప్పటి వారపత్రికలో, మాసపత్రికలో అక్కడ భద్రంగా ఉన్నాయి. ఇల్లు మారినప్పుడు నా దగ్గర పోయిన ఆ సంచిక వాళ్ళు వెతికి తెచ్చిచ్చారు. వదిన కళ్ళజోడు పెట్టుకుని, మొదటిసారి తనే మొత్తం చదువుకుంది. చదివి, "ఆ రోజు వాన లేదమ్మాయ్, మండిపోయే ఎండ. రేకుల కింద బెంచీ కాలిపోతోంది" అంది. వాన నేను పెట్టిందే, బాధకి వానే బాగుంటుందని. అడిగి ఉంటే ఆవిడ రాయొద్దని ఉండేదేమో, అప్పుడసలు కథే ఉండేది కాదు, హిందూపురం ఉత్తరమూ ఉండేది కాదు. అయినా అడగాల్సింది. అడిగి ఉంటే ఆ ఎండ నాకు దొరికేది, ఆ కాలే బెంచీ మీద ఆవిడ అంతసేపు కూర్చోవడం దొరికేది. నా వాన దాని ముందు ఎందుకూ పనికిరాదు.

నువ్వు అడిగావు. కాబట్టి నేను చెప్పాల్సింది చెప్తాను.

2008లో నా పుస్తకం ఐదొందల కాపీలు వేయించడానికి గాజులు తాకట్టు పెట్టిన సంగతి బాగా రాశావు, విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల వాళ్ళకి నూటికి నలభై కమీషన్ పోతే మిగిలిందెంతో కూడా సరిగ్గా లెక్క కట్టావు, నాకే ఆశ్చర్యం వేసింది. మంచం కింద కట్టలకి చెదలు పట్టిన రోజు నేను ఏడ్చానని రాశావు. నాకు గుర్తున్నంతలో ఏడవలేదు, పై కాపీలు పోయినా మధ్యలోవి బాగున్నాయని ఒక్కొక్కటే దులిపి లెక్కపెట్టాను, డెబ్భై రెండు మిగిలాయి. గుమ్మంలోంచి నీకు నా వీపే కదా కనపడింది. నువ్వు చూసింది అదైతే అలాగే ఉంచు, నా విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు.

నాన్న విషయం మాత్రం మార్చు. గాజులు తాకట్టు పెట్టిన రోజు ఆయన పేపరు చదువుకుంటూ కూర్చున్నారని రాశావు. నువ్వు స్కూల్లో ఉన్నావు, నీకు తెలిసే వీలు లేదు. ఆ గాజులు జేబు రుమాల్లో కట్టుకుని బ్యాంకుకి వెళ్ళింది ఆయనే, మన ఊళ్ళో అయితే తెలిసినవాళ్ళు చూస్తారని బస్సెక్కి గుంటూరు వెళ్ళారు. వాటిని విడిపించేదాకా, దాదాపు రెండేళ్ళు, కొత్త చొక్కా కుట్టించుకోలేదు. పొద్దున పెరట్లోకి వెళ్ళిన మనిషి గంటైనా లోపలికి రాకపోతే నేనే వెళ్ళాను, "దానికెలా తెలుస్తుందిలే, ఉండనీ" అన్నారు. ఉండనివ్వడానికి వీల్లేదు చిన్నీ. ఫోన్ చేసి ఆయన్నే అడుగు, ఆ బస్సులో ఏమనుకున్నారో నాకూ ఎప్పుడూ చెప్పలేదు.

అది సరిచేశాక పంపించు. హామీపత్రం మర్చిపోకు, ఇది నా సొంత రచన, అనువాదమో అనుకరణో కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు అని రాసి కింద సంతకం పెట్టాలి. పెద్దత్తయ్యకి కూడా ఒక ప్రింటు తీయించమని నాన్నతో చెప్పాను, పెద్ద అక్షరాల్లో.

అమ్మ