ధరకు తాళం వేస్తే

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. రేట్లు మండిపోతుంటే ప్రభుత్వం ఒక్క ఆర్డరు వేసి ఎందుకు ఆపదని అడిగావు. నీ కోపంలో న్యాయం ఉందిరా. చాలీచాలని ఆదాయంతో బతికే ఇంట్లో ధర పెరిగిందంటే ఏదో ఒకటి మానుకోవాల్సిందే. అయినా ధరకు తాళం వేస్తామని ఎవరైనా అంటే నాకు భయమేస్తుంది. ఎందుకో రాస్తాను, ఓపిగ్గా చదువు.

అమెరికాలో ఈ ముచ్చట జరిగింది. 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ టీవీలో మాట్లాడుతూ, 90 రోజుల పాటు జీతాలూ ధరలూ ఎక్కడివక్కడే ఉండాలని ప్రకటించాడు. జనం మెచ్చుకున్నారు. 1973 జూన్‌లో మళ్లీ ధరలు బిగించారు. ఈసారి దుకాణంలో కోడిమాంసం ధర కదలకూడదు, కోళ్లు తినే దాణా గింజల ధరకు మాత్రం అడ్డు లేదు. దాణా ఖర్చు పెరుగుతూ పోయింది. కోడిపిల్లను పెంచి అమ్మితే చేతికొచ్చేదానికంటే మేపడానికయ్యేదే ఎక్కువైంది. లెక్క చూసుకున్న పెంపకందారులు కొందరు కోడిపిల్లల్ని వేల సంఖ్యలో నీళ్లలో ముంచి చంపేశారు. సామాన్యుడికి మాంసం అందాలని వేసిన ఆర్డరు అది! తలుచుకుంటే ఇప్పటికీ మనసు పాడవుతుంది.

కొరత ఉన్నప్పుడు ధర పెరిగి రెండు పనులు చేస్తుంది. కొనేవాణ్ణి పొదుపుగా వాడమంటుంది, అమ్మేవాణ్ణి ఇంకా తెమ్మంటుంది. ఆ ధరను కట్టేస్తే కొరత ఎక్కడికీ పోదు. క్యూగానో బ్లాక్ మార్కెట్‌గానో బయటపడుతుంది. అందుకే నా మాట: కొనలేని వాళ్ల చేతికే నేరుగా డబ్బివ్వాలి, ధరను దాని పని చేసుకోనివ్వాలి. డబ్బు ఎవరికి చేరింది, ఖజానా మీద ఎంత పడింది అన్నది కూడా పద్దులో కనిపిస్తుంది.

అలాగని అంతా మార్కెట్టే చూసుకుంటుందనే వాళ్లతోనూ నాకు పడదు. కొన్ని చోట్ల ధరే అబద్ధం చెబుతుంది. బొగ్గు మండించే కరెంటు ప్లాంటునే చూడు. పొగగొట్టంలోంచి వెళ్లే సల్ఫర్ డయాక్సైడ్ వందల మైళ్ల అవతల ఆమ్లవర్షంగా కురిసి చెరువుల్లో చేపల్ని చంపుతుంది, ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. ఆ నష్టం కరెంటు బిల్లులో ఒక్క పైసా కూడా ఉండదు. అలాంటి నష్టాన్ని పన్ను రూపంలో చేసినవాడి లెక్కలోకే ఎక్కించాలని పిగూ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1920లోనే రాశాడు.

1990లో అమెరికా ఇదే ఆలోచనను ఇంకో దారిలో అమల్లో పెట్టింది. కరెంటు ప్లాంట్లన్నీ కలిపి ఇంతకు మించి వదలకూడదని చట్టంలో హద్దు గీసి, టన్నుకో పర్మిట్ ఇచ్చి, వాటిని కొనుక్కోవచ్చు అమ్ముకోవచ్చు అంది. ఏ యంత్రం పెట్టాలో ఎవరికీ చెప్పలేదు. ఒకడు పొగను శుభ్రం చేసే స్క్రబ్బర్ బిగించాడు, ఇంకొకడు గంధకం తక్కువున్న బొగ్గును దేశం పడమటి వైపు నుంచి తెప్పించుకున్నాడు, ఆ రెండూ గిట్టుబాటు కానివాడు పర్మిట్లు కొనుక్కున్నాడు. 1995లో అమలు మొదలైతే, మొదట అనుకున్నదానికంటే చాలా తక్కువ ఖర్చుతో కాలుష్యం తగ్గింది. రైలు రవాణా ఛార్జీలు పడిపోయి ఆ బొగ్గు చవకవడం కూడా కలిసొచ్చింది, ఆ మాటా ఒప్పుకోవాలి. అయినా ప్రభుత్వం గట్టిగా హద్దు గీసి, దారి వెతుక్కునే పని ప్లాంట్లకే వదిలేసిన ఆ తీరు నాకెంతో నచ్చింది.

పన్ను దేని మీద వేస్తామో దాన్ని జనం తగ్గించుకుంటారురా. పొగ మీద వేస్తే పొగ తగ్గుతుంది. ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా కిటికీల మీద పన్ను వేశారు, జనం కిటికీలకు ఇటుకలు పేర్చి మూసేశారు. 1747 తర్వాత కొన్నాళ్లు పదో కిటికీ పెడితే మొత్తం పదింటికీ పన్ను పడేది, అందుకే సరిగ్గా తొమ్మిదే కిటికీలున్న ఇళ్లు బోలెడు కనిపించేవి. పన్ను తప్పించుకున్నవాళ్లు గాలీ వెలుతురూ పోగొట్టుకున్నారు, ఆ మూసిన కిటికీల మీద ఖజానాకు దక్కిందీ ఏమీ లేదు.

కనీస వేతనం సంగతి కూడా అడిగావు కదా. ఇక్కడ నేను గట్టిగా మాట్లాడలేను. వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయన్నది పాఠ్యపుస్తకాల లెక్క. 1992లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచినప్పుడు కార్డ్, క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాతో పోల్చి చూశారు. ఫాస్ట్‌ఫుడ్ షాపుల్లో ఉద్యోగాలు తగ్గినట్టు వాళ్లకు కనిపించలేదు. పని ఇచ్చేవాళ్లు కొద్దిమందే ఉన్నచోట జీతం ముందే అణిగి ఉంటుంది కాబట్టి కొంత పెంచినా ఉద్యోగాలు నిలబడవచ్చు. 1994లో అచ్చయిన ఆ పేపర్ మీద వాదులాట ఇప్పటికీ ఆగలేదు. నాకైతే వాళ్ల వైపే మొగ్గు, కాకపోతే ఎంత పెంచొచ్చన్నది ఏ ప్రాంతానికి ఆ ప్రాంతంలో లెక్క చూసే తేల్చాలి. నువ్వు జీతాలిచ్చే వైపున్నావు కాబట్టి, ఆ ఖర్చు పెరిగినప్పుడు మీ దగ్గర ముందు దేనికి కోత పెడతారో దాచకుండా రాయి.

ఉంటాను రా,
నీ నేస్తం