ఓడిన రోజు కారులో క్లాసు వద్దు

సంపాదకులకు,

మా అమ్మాయికి 12 ఏళ్లు, బ్యాడ్మింటన్ ఆడుతుంది. మొన్న సెమీస్‌లో ఓడిపోయింది. ఇంటికొచ్చే దారంతా నేను దాని బ్యాక్‌హ్యాండ్ గురించే వాయించాను. వెనక సీట్లో రాకెట్ గ్రిప్ టేపు గోళ్లతో పీకుతూ కూర్చుంది, ఒక్క మాట లేదు. ఆ పని కోచ్‌కి వదిలేసి, ఆకలేస్తోందా అని అడిగితే సరిపోయేది.

ఒకే ఆటను వారమంతా ఆడించే తల్లిదండ్రులు (నేనూ అందులో ఉన్నాను లెండి) విశ్రాంతి సంగతి మరిచిపోతున్నారు. వారానికి 1, 2 రోజులు సెలవు, ఏడాదిలో 2, 3 నెలలు ఆ ఆటకు దూరం అవసరమని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతోంది. ఎముకల చివర్లు ఇంకా గట్టిపడని వయసు; మోకాలి నొప్పిని బద్ధకం అనుకోకండి. టోర్నమెంట్ నిర్వాహకులైనా పిల్లల మ్యాచ్‌లను రాత్రి 10 దాకా సాగదీయడం మానాలి.

- ఒక తల్లి