పిట్టకు తెలుగు పేరు చెప్పేవారేరీ?

సంపాదకులకు నమస్కారం.

ఈ చలికాలంలో ఒక ఆదివారం, కొందరు ఔత్సాహికులు కలిసి మన విశాఖ పక్కనున్న కంబాలకొండ అభయారణ్యంలో ఏర్పాటు చేసిన పక్షి వీక్షణకు మా మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉండి, 2002లో అభయారణ్యంగా మారిన ఈ అడవి సుమారు 70 చదరపు కిలోమీటర్ల మేర మన జాతీయ రహదారి పక్కనే ఉన్నా, ఎదురుగా ఉన్న జంతు ప్రదర్శనశాలకు వెళ్లేవారిలో చాలామంది ఇటువైపు తిరిగి చూడరు. అటువంటి చోటికి తెల్లవారకముందే పిల్లలూ పెద్దలూ చేరుకోవడం, అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకోవడం చూసి నాకు ఎంతో సంతోషం కలిగింది. నిర్వాహకుల శ్రద్ధను శంకించడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆ ఉదయం కనిపించిన ఒక లోటును మాత్రం ప్రస్తావించదలిచాను.

బాట పక్కన ఒక ఎండుకొమ్మ మీద పిచ్చుకంత ఆకుపచ్చ పిట్ట వాలింది. తోక చివర సన్నటి పుల్లలాంటి ఈకలు. అది ఎగిరి గాలిలోనే ఒక తేనెటీగను పట్టి, మళ్లీ అదే కొమ్మకు వచ్చి, దాన్ని రెండు మూడుసార్లు కొమ్మకేసి కొట్టి, ముల్లు బెడద వదిలించుకున్నాక మింగింది. మా మనవరాలు దాని పేరు అడిగితే, మాకు దారి చూపుతున్న యువకుడు ‘గ్రీన్ బీ ఈటర్’ అన్నాడు. తెలుగులో ఏమంటారని అడిగితే తనకు తెలియదని నిజాయితీగా ఒప్పుకున్నాడు. అక్కడే ఎండుటాకులు ఊడుస్తున్న పెద్దావిడ చీపురు ఆపి, “పసిరిక పిట్టంటాం బాబూ, మా ఊళ్లో తీగల మీద రోజూ కూకుంటాయి కదా” అంది. మా చేతికిచ్చిన జాబితా తిరగేసి చూస్తే మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా ఒక్కటీ తెలుగులో లేదు.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. ఈ అడవిలో ఎండుటాకులను ముక్కుతో తిరగేస్తూ నేల మీద పురుగులు ఏరుకునే రంగురంగుల పొన్నంగి పిట్టను ఆంగ్లంలో ‘ఇండియన్ పిట్టా’ అంటారు. ఆ ‘పిట్టా’ మన పిట్టే. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త వియ్యో ఆ ప్రజాతికి పెట్టిన శాస్త్రీయ నామం తెలుగు మాట నుంచి వెళ్లినదే. (పందికొక్కు కూడా ఇలాగే ‘బాండికూట్’ అయి సముద్రాలు దాటింది.) ప్రపంచమంతా పలుకుతున్న ఆ మాటను విశాఖ పిల్లలు ఆంగ్లపదమనుకుని నేర్చుకోవలసి రావడం నాకు మింగుడుపడలేదు.

పేరు పోతే దానితోపాటు పోయే సమాచారం కూడా తక్కువేమీ కాదు. కలివి పొదల మధ్య తిరుగుతుంది కనుక ఒక పక్షిని కలివి కోడి అన్నారు; అంటే దాన్ని ఎక్కడ వెతకాలో ఆ పేరే చెబుతుంది. 1900లో చివరిసారిగా కనబడి, ఇక అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ బయటపడింది. పరిశోధకులకు దాని జాడ చూపినవారు రాత్రిపూట అడవిలో తిరగడం ఎరిగిన స్థానికులే. దాని ఆంగ్ల నామమైన ‘జెర్డన్స్ కోర్సర్’లో నిలిచిన జెర్డన్ కూడా, మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేస్తూ, ఇక్కడి పక్షులకు జనం వాడే తెలుగు పేర్లను అడిగి తెలుసుకుని రాసిపెట్టినవాడే. పరాయి దేశం నుంచి వచ్చినవాడు పడిన ఆ పాటి శ్రమ మనకు భారం కాకూడదు.

తెలుగు పేర్లతో చిక్కులు లేవని అనను. తెల్లగా, పొడుగు కాళ్లతో ఉన్న ప్రతిదీ మనకు కొంగే. ఒకే పిట్టకు శ్రీకాకుళంలో ఒక పేరు, గుంటూరులో మరో పేరు ఉండవచ్చు. పక్షుల లెక్కలు నమోదు చేసేవారికి ఆంగ్ల, శాస్త్రీయ నామాలు తప్పనిసరి అని కూడా ఒప్పుకుంటాను. వాటి పక్కనే మరో గడి గీసి, తెలిసినంతవరకు తెలుగు పేరు వేయడానికి అడ్డేమీ లేదు. తెలియని చోట గడి ఖాళీగా వదిలేస్తే, ఇంటికి వెళ్లి అమ్మమ్మనో తాతయ్యనో అడిగి పిల్లలే నింపుకుంటారు. 2018లో రామచిలుకను మన రాష్ట్ర పక్షిగా గుర్తించారు. కనీసం దానికైనా ఆ జాబితాలో తన పేరు దక్కాలి కదా.

నిర్వాహకులకు మరో మనవి. తదుపరి కార్యక్రమానికి అభయారణ్యం చుట్టుపక్కల ఊళ్ల నుంచి, చిన్నప్పటి నుంచి ఈ కొండల్లో తిరిగిన ఇద్దరు ముగ్గురు పెద్దలను పిలిచి, దారి ఖర్చులతోపాటు తగిన పారితోషికం కూడా ఇచ్చి, పిల్లల వెంట నడిపించాలి. బైనాక్యులర్‌లో చూడడం నేర్పేవారు ఒకపక్క, కూత విని పేరు చెప్పేవారు మరోపక్క ఉంటే పిల్లలకు రెండూ అబ్బుతాయి.

ఆనాటి నుంచి నేనూ, మా మనవరాలూ ఒక నోటుపుస్తకంలో పేర్లు రాసుకుంటున్నాం. లకుముకి, జెముడుకాకి, పిగిలి పిట్ట, తోకపిగిలి, వడ్రంగి పిట్ట, తీతువు... పద్నాలుగు దాకా వచ్చాయి. ఎవరైనా జాబితా తయారుచేస్తామంటే ఆ పుస్తకం ఇస్తాం. తప్పులుంటే దిద్దమని ప్రార్థన.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం.